అడ్జస్ట్ కాని బండ

పోయిన ఆదివారం నన్ను చూడటానికి వచ్చినవాళ్లలో అబ్బాయి మేనత్త ఒకావిడ ఉంది. లోపల కుర్చీలు వేసినా ఆమె కూర్చోలేదు. ఉక్కగా ఉందని వాకిట్లోకి వచ్చి, వేపచెట్టు కింద ఉన్న నల్ల బండ మీద కూర్చుంది. చల్లగా ఉందని దాన్ని రెండు చేతులతో నిమిరింది. మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అప్పుడు అడిగింది.

"పాప అందరితో అడ్జస్ట్ అవుతాదా?"

నన్ను కాదు, అమ్మను. అమ్మ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అందుకుంది.

"అయ్యో, శానా అడ్జస్ట్ అయ్యే పిల్లమ్మా. దానికి నోట్లో నాలికే లేదు. చేతికి పుస్తకమిస్తే మూలన కూసుంటాది."

పుస్తకం, మూల, ఈ రెండూ నిజమే. నలుగురిలో నాకు గొంతు పెగలదు. మాట్లాడాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. కానీ ఆ రోజు మాట్లాడాను. మూడే మూడు ముక్కలు. ఆ ముక్కల వల్ల అమ్మ వారం రోజులుగా నాతో మాట్లాడటం మానేసింది. పనిచేసే ఊరినుంచి ఇంటికి వస్తే కంచం నా ముందు పెట్టి, గోడతో మాట్లాడుతోంది. "కొందరికి సదువెక్కువైంది" అని గోడకు చెబుతోంది.

ఆ మేనత్తను నేను తప్పు పట్టడం లేదు. తాను కూర్చున్న బండ ఏమిటో ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే, ఆ ప్రశ్న అడగడానికి లోపలికి వెళ్లి కుర్చీలోనే కూర్చునేదేమో.

మాది కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. నా చిన్నప్పుడు ఊరి చుట్టూ బండల గనులు ఉండేవి. పొద్దున్నే సుత్తెల చప్పుడుతో నిద్ర లేచేవాళ్లం. ఎండాకాలం గాలి వీస్తే రాతిదుమ్ము అన్నంలో పడేది. సంగటి ముద్ద నమిలితే పళ్ల కింద కరకరమనేది. అలా అనకపోతే అది మా ఊరి సంగటి కాదనిపించేది.

బడిలో మాకు ఇంగ్లీషు చెప్పే సారు రాయచోటి మనిషి. ఆయన పద్ధతి వేరు. రోజుకొక ఇంగ్లీషు క్రియను బోర్డు మీద రాసేవాడు. అర్థం చెప్పేవాడు, ఒక వాక్యం రాసేవాడు. మిగతా వాక్యాలు మేమే ఏరుకు రావాలి. "ఇంట్లో, బస్సులో, అంగట్లో, యాడైనా సరే. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చినా పట్టుకుని రండి. ఇంగ్లీషు పుస్తకంలో ఉంటాదనుకుంటాండారా? మీ అవ్వ నోట్లో ఉండాది" అనేవాడు.

నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు. మాట్లాడని పిల్లకు వినడమొక్కటే వచ్చు గదా. 'ఫీల్', 'ట్రై', 'లీవ్' లాంటివన్నీ ఏరాను. 'అడ్జస్ట్' వచ్చిన రోజు మాత్రం ఏరడానికి సంచి చాల్లేదు. సారు బోర్డు మీద రాసిన వాక్యంలో ఒక పెద్దమనిషి తన కళ్లద్దాలు అడ్జస్ట్ చేసుకుంటున్నాడు. మా ఊళ్లో కళ్లద్దాలున్నవాళ్లు తక్కువ. అయినా ఆ మాట లేని ఇల్లు లేదు.

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గర నాలుగోమనిషి వచ్చి "కొంచెం అడ్జస్ట్ కాండి" అంటాడు. టైలరు నా పరికిణీ పొట్టిగా కుట్టి, "లోపల గుడ్డ వదిలినా పాపా, వచ్చే ఏడు అడ్జస్ట్ చేసుకోవచ్చు" అంటాడు. అమ్మ పప్పులో ఉప్పు మరిచిపోయి నాన్నకు అదే చెబుతుంది. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు అడ్డదిడ్డంగా పెట్టి, ముందు నిలబడిన ఆమె వెనకున్న ఆమెకు అదే చెబుతుంది. మా పెద్దమ్మ కూతురు అత్తగారింట్లో ఏడ్చి పుట్టింటికొస్తే, రాత్రి అన్నం పెట్టి, తల దువ్వి, తెల్లారి బస్సెక్కిస్తూ అందరూ కలిసి అదే చెప్పారు.

అన్నీ రాసుకుని పోయాను. సారు చదివి, "శానా పట్టుకొస్తివే" అని నా నోటు పుస్తకం క్లాసంతా తిప్పాడు. నా పక్క బెంచి పిల్లలు నన్ను ఆ నెలంతా 'అడ్జస్టు' అనే పిలిచారు. "ఏమే అడ్జస్టూ, జామకాయ తింటావా?" నాకు సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి. కానీ రాస్తున్నప్పుడే ఒకటి గమనించాను. ఆ మాట చెప్పే మనిషి ఎప్పుడూ కదలడు. విన్న మనిషే కదులుతాడు.

మా జేజి ఒక్కతే దీనికి భిన్నం. జేజి అంటే నాన్నకు అమ్మ. ఆమె కూడా ఆ మాట వాడేది. కానీ ముందు తాను జరిగి, తర్వాత అనేది. "రాండమ్మా రాండి, బిడ్డను ఎత్తుకొని యాడ నిలబడతావు? అడ్జస్ట్ అయిదాం" అని కాళ్లు ముడుచుకునేది. ఆమె పక్కన ఎంతమందికైనా చోటుండేది.

అన్నిటికంటే ఎక్కువ చోటు చర్చిలో ఉండేది. దాని సంగతి చెప్పాలి.

మావాళ్లు చర్చిని గుడి అనే అంటారు. మా తాతల కాలంలో గోడలు లేచి, పైకప్పు పడేసరికి చేతిలో ఏమీ మిగల్లేదట. నేల మట్టినేలగానే ఉండిపోయింది. అప్పుడు గనుల్లో పనిచేసే మావాళ్లంతా కూర్చుని, ఇంటికొక బండ కానుకగా ఇద్దామనుకున్నారట. ఎవరి బండ వాళ్లే గనిలోంచి లేపాలి, వాళ్లే చెక్కాలి, వాళ్లే తెచ్చి పరవాలి. మా తాత తెచ్చిన బండ దింపేటప్పుడు జారి ఒక మూల విరిగింది. మార్చమని ఎవరూ అనలేదట. విరిగిన మూలతోనే కిటికీ పక్కన, ఆడవాళ్లు కూర్చునే వైపు ముందు వరసలో పరిచారు.

అప్పటినుంచి ఎవరి బండ వాళ్లు కడుక్కోవడం ఆచారం. శనివారం సాయంత్రం ఇంటికొకరు చెంబుతోనో బిందెతోనో నీళ్లు తెచ్చి తమ బండ వరకు కడిగేవాళ్లు. నీళ్లకు కరువున్న ఊరు కదా, ఒక్క చుక్క పక్క బండకు పోనిచ్చేవాళ్లు కాదు. కడిగిన బండలు నల్లగా, కడగనివి బూడిదరంగుగా, నేలంతా గళ్ల దుప్పటిలా కనిపించేది. తడి రాయి వాసన, గోడసున్నం వాసన, జేజి నోట్లో వక్కాకు వాసన. ఈ మూడూ కలిస్తే నాకు శనివారం.

జేజి మాత్రం రెండు బండలు కడిగేది. మా పక్క బండవాళ్లు ఎప్పుడో కడపకు పోయారు. అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టి బాగా పైకొచ్చారు. "వాళ్లు లేరని బండ మురికిగా ఉండాల్నా?" అని జేజి దాన్నీ కడిగేది.

ఆదివారం ఆ బండ మీద జేజి, ఆమె ఒడి నిండా పిల్లలు. ప్రసంగం సాగినప్పుడు మేం చింతగింజలు బండకు రాసి, వేడెక్కాక పక్క పిల్ల తొడకు అంటించేవాళ్లం. అది కెవ్వుమనేది. పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి చూసేవారు. జేజి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టే ఉండి, మా తొడలు గిల్లేది. తర్వాత కొంగుముడి విప్పి తలా నాలుగు వేయించిన చెనిక్కాయలు పెట్టేది.

పక్క బండవాళ్ల అబ్బాయి పెద్దవాడై ఊరికి తిరిగొచ్చాడు. రోడ్డు పక్కన ఇంకో ఫ్యాక్టరీ పెట్టాడు. గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. నాన్నతో సహా ఊళ్లో సగంమంది ఆయన దగ్గరే పనికి చేరారు. అందరూ ఆయన్ను ఓనరు అనేవాళ్లు. ఓనరు ముందు చర్చికి ఫ్యాన్లు ఇచ్చాడు. సంతోషించాం. తర్వాత కుర్చీలిచ్చాడు. ఆ కుర్చీలు ముందు వరసలో వేశారు.

సంఘ పెద్ద, అంటే చర్చి కమిటీని నడిపే ఆయన, జేజి దగ్గరకొచ్చి వంగి చెప్పాడు.

"అవ్వా, కొంచెం అడ్జస్ట్ గావల్ల."

"అయిదాం నాయనా. ఎవురు కూసోవల్ల?" అని జేజి జరిగి చోటు చూపించింది.

"అట్ల కాదు. ఓనరు వాళ్లు వస్తారు. నువ్వు ఎనక్కి పోతే ఈడ కుర్చీలు పడతాయి."

"వాళ్ల బండ నా పక్కనే ఉండాది గదప్పా. నిన్ననే కడిగినా. అద్దంగా ఉండాది. వచ్చి కూసోమను."

జేజి లేవలేదు. చివరికి కుర్చీలు ఆమె చుట్టూ వేశారు. ఆరాధన మొదలైంది. చుట్టూ కుర్చీల కాళ్లు, మధ్యలో నేల మీద జేజి. ఓనరు భార్య పట్టుచీర కుచ్చిళ్లు ఫ్యాను గాలికి ఎగిరి ఆమె తల మీద పడుతూ ఉన్నాయి. జేజి ప్రతిసారీ వాటిని మెల్లగా తీసి, మడిచి, ఆవిడ ఒళ్లో పెట్టింది. కాసేపటికి ఓనరు చిన్నకూతురు కుర్చీ దిగి మా బండ మీదికొచ్చింది. నేను దానికో చింతగింజ ఇచ్చాను.

ఆ తర్వాత టైల్స్ మాట వచ్చింది. ఈస్టరు లోపల పాత బండలు పెరికేసి, తెల్లటి టైల్స్ పరుస్తారు. ఖర్చంతా ఓనరుదే. బండల్ని ఏం చేస్తారని ఎవరో అడిగితే, సంఘ పెద్ద సంతోషంగా చెప్పాడు. చర్చి ముందు మురిక్కాలువ ఉంది కదా, దాని మీద వరసగా పరిచి మూసేస్తారట. వాసన రాదు, నడవడానికి బాగుంటుంది.

జేజి ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆదివారమని చేసిన కోడికూర అలాగే చల్లారిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం నాన్న వేళకాని వేళ ఇంటికొచ్చాడు. కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము. కడుక్కోకుండానే జేజి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఓనరు పిలిపించినాడు."

"ఏంటికి?"

"నువ్వు కమిటీవాళ్లతో ఏదో అన్నావంట. మన బండ మనకియ్యాలని. నువ్వు కొంచెం అడ్జస్ట్ అయితే బాగుంటాదన్నాడు."

"అడ్జస్ట్ గావల్సింది ఎవురు? నువ్వా, నేనా?"

"నువ్వేమ్మా."

"అయితే నన్ను పిలిపించాల గదా. నిన్నేంటికి పిలిపించినాడు?"

"గనులు మూసేసినారు. నాకు ఈ పని తప్ప వేరే పని లేదు. నీకు తెల్దా?" అన్నాడు నాన్న నేలకేసి చూస్తూ.

జేజి కొంగుతో ఆయన కనుబొమ్మలు తుడిచింది. "తెలుసు నాయనా. నీ జోలికి రానీను. ఆ బండ మాత్రం కాలవ మీద పడనీను" అంది.

అవి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం పుస్తకాల సంచితో ఇంటికి వస్తుంటే, చర్చిలోంచి గడ్డపారల చప్పుడు వినిపించింది. లోపలికి తొంగిచూశాను. వెనక వైపునుంచి బండలు లేపుకుంటూ వస్తున్నారు. లేపిన చోట ఎర్రమట్టి, చీమలు, ఎప్పుడో మేం పోగొట్టుకున్న చింతగింజలు. ముందు వరసలో మా బండ మీద జేజి కూర్చుని ఉంది. పక్కన నీళ్ల చెంబు. శనివారం కాకపోయినా బండ కడిగి ఉంది.

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు. నాకు భయంగానే ఉంది. సంచిలోంచి పుస్తకం తీసి తెరిచాను. ఒక్క అక్షరం కనిపించలేదు.

సంఘ పెద్ద వచ్చాడు. వెనకే అయ్యగారు.

"అవ్వా, పనోళ్లు కాసుకోని ఉండారు. లెయ్."

"నా బండ నాకియ్యండి, లేస్తా."

అయ్యగారు మెత్తగా చెప్పారు. "కానుకగా దేవునికి ఇచ్చింది మళ్లీ అడక్కూడదు కదమ్మా."

"దేవునికే ఇస్తిమి అయ్యగారూ. కాలవకియ్యలేదు."

అయ్యగారు కిటికీ వైపు చూశారు. సంఘ పెద్దకు కోపమొచ్చింది. పనివాళ్ల ముందు కేకలు వేయడం ఇష్టం లేక, నా వైపు తిరిగాడు. ముఖం నవ్వుగా పెట్టాడు.

"పాపా, నువ్వు ఇంగ్లీషులో ఫస్టంట గదా. సారు చెప్పినాడులే. అడ్జస్ట్ అంటే ఏందో మీ జేజికి కొంచెం అర్థమయ్యేట్టు చెప్పు."

అందరూ నావైపు చూశారు. గడ్డపారలు ఆగాయి. ఆ మాటకు నా దగ్గర ఎన్ని వాక్యాలున్నాయో నాకే తెలియదు. బస్సు, టైలరు, పప్పు, ట్యాంకరు, బస్సెక్కుతూ వెనక్కి చూసిన మా అక్క. అన్నీ నోటిదాకా వచ్చాయి. పుస్తకం గట్టిగా పట్టుకున్నాను.

"నాకా మాట రాదు" అన్నాను.

"ఏందీ?"

"నాకా మాట రాదు."

ఎవరో పకపకా నవ్వారు. గడ్డపార పట్టుకున్న ఒక పనివాడు. మా వీధి చివరింటి పెదనాన్నే. గడ్డపారను గోడకు ఆనించి, తలగుడ్డ విప్పి చెమట తుడుచుకున్నాడు.

"నాకూ రాదులే పాపా" అన్నాడు. జేజి వైపు తిరిగి, "చిన్నమ్మా, మాది యాడుండాది? నడిమి వరసలో గదా?" అని అడిగాడు.

"పసుపుమచ్చ ఉంటాది సూడు. మీ నాయన ఉలి జారి గీత పడింది, దాని పక్కనే."

ఆయన పేర్చిన బండల దగ్గరికి పోయి, ఒక్కొక్కటే తడిమి, తనది వెతుక్కున్నాడు. సంఘ పెద్ద "ఏయ్, పని ఆపుతావేందయ్యా" అన్నాడు. "పనే చేస్తాండా, బండ లేపుతాండా" అన్నాడు ఆయన. ఇంకొకతను తనదీ అడిగాడు. అతన్ని చూసి మూడో అతను. కబురు వీధుల్లోకి ఎలా పోయిందో, ఇంటికొకరు వచ్చారు. వచ్చినవాళ్లు ఎవరితోనూ గొడవ పడలేదు. అరవలేదు. ఒకరు ఇనుప పైపులు తెచ్చి బండల్ని దొర్లించారు, ఒకరు దూలానికి మోకులు కట్టి మోశారు. సైకిలు మీద ఆనించుకుని, దేవుడి కీర్తన పాడుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు. సంఘ పెద్ద ఒక్కొక్కరి వెంట కొంతదూరం నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ ఇంకొకరి వెంట నడిచాడు.

పొద్దు వాలేసరికి మా బండా, దాని పక్క బండా మిగిలాయి. జేజి ఇంకా కూర్చునే ఉంది. షిఫ్టు దిగి నాన్న వచ్చాడు. ఓనరు ఫ్యాక్టరీ దుమ్ము ఒంటి నిండా అలాగే ఉంది. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఆయన తిరిగి వెళ్లిపోతాడేమో అనుకున్నాను.

"లెయ్యమ్మా" అన్నాడు.

జేజి ఆయన ముఖంలోకి చూసింది.

"నువ్వు కూసుంటే ఎట్ల లేపాల?" అన్నాడు నాన్న. చొక్కా విప్పి నాకిచ్చి, గడ్డపార అందుకున్నాడు.

జేజి లేచింది.

ఆ పని ఊరికే పోలేదు. మరుసటి వారమే నాన్నను పాలిష్ మిషను మీదినుంచి తీసి లోడింగులో వేశారు. ఆ ఏడంతా ఆయన నడుం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. తర్వాత ఆ ఫ్యాక్టరీ వదిలేసి, మైదుకూరు దగ్గర ఇంకోచోట చేరాడు. బండ గురించి జేజిని ఒక్క మాట అనలేదు. అమ్మ అప్పుడప్పుడు అనేది. ఇప్పుడూ అంటుంది.

మురిక్కాలువ మీదికి ఒక్క బండే దొరికింది. ఎవరూ అడగనిది. కడపకు పోయిన ఓనరు వాళ్లది. దాన్నే అడ్డంగా వేశారు. ఊరంతా దాని మీదుగా తెల్ల టైల్స్ చర్చిలోకి నడిచింది. జేజి మాత్రం బతికినన్నాళ్లూ దాని మీద కాలు పెట్టలేదు. మోకాళ్ల నొప్పులతో, నా భుజం పట్టుకుని, చుట్టూ తిరిగి వచ్చేది. ఎందుకని అడిగితే, "వాళ్ల నాయన దేవునికిచ్చింది గదే. తొక్కుతారా?" అనేది.

ఇప్పుడు జేజి లేదు. సుత్తెల చప్పుడు లేదు. గనుల్లో వాననీళ్లు నిలిచి, పచ్చగా నాచు పట్టింది. శనివారం చర్చిలో ఒక మనిషి మాపు కర్రతో పదినిమిషాల్లో నేలంతా తుడిచేస్తాడు. తడి రాయి వాసన మా వాకిట్లో మాత్రమే వస్తుంది, ఎందుకంటే మా బండ నేను కడుగుతాను. ఉద్యోగం కడపలో అయినా శనివారం బస్సుకు వచ్చేస్తాను. సాయంత్రం దాని మీదే కూర్చుని రాసుకుంటాను. చింతచెట్టు కనిపిస్తే ఇప్పటికీ గింజ ఏరి జేబులో వేసుకుంటాను.

పోయిన ఆదివారం ఆ మేనత్త మా అమ్మ జవాబుతో తృప్తి పడలేదు. "పాప నోట ఇనాల" అని నావైపు తిరిగింది. విరిగిన మూల మీద ఆమె చెయ్యి ఉంది. అందరూ నావైపు చూశారు. చేతిలో పుస్తకం లేదు, కాఫీ ట్రే ఉంది. దాన్నే గట్టిగా పట్టుకున్నాను.

"నాకా మాట రాదండీ" అన్నాను.

వాళ్లు మర్యాదగానే లేచి వెళ్లిపోయారు. ఫోను రాలేదు. అమ్మ గోడతో మాట్లాడుతోంది.

నిన్న శనివారం. బస్సు ఆలస్యమై, ఇల్లు చేరేసరికి పొద్దు గుంకుతోంది. చెంబు కోసం వెతికితే కనిపించలేదు. వాకిట్లోకి వచ్చి చూస్తే, బండ అప్పటికే నల్లగా, తడిగా మెరుస్తోంది. దాని పక్కన నాన్న గొంతుక్కూర్చుని, కొబ్బరిపీచు పిండుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. లోపలున్న అమ్మకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ యమ్మ కూసున్న చోట కొంచెం గట్టిగానే రుద్దినాలే" అన్నాడు.